సూరి భగవంతం

సూరి భగవంతం (అక్టోబరు 14, 1909 - ఫిబ్రవరి 6, 1989) ప్రముఖ భౌతిక శాస్త్రవేత్త, విద్యావేత్త, శాస్త్ర పరిశోధనా సంస్థల నిర్వాహకుడు. సి.వి.రామన్ శిష్యులలో ముఖ్యుడు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశాడు. రామన్ ఫలితం, స్ఫటిక భౌతికశాస్త్రం, అతిధ్వనులు ఈయన పరిశోధనలకు ప్రధాన రంగాలు. ధ్వనిశాస్త్రం భౌతికశాస్త్రంలో ఒక చిన్న శాఖగా మాత్రమే చూడబడుతున్న కాలంలో, ధ్వని తరంగాలను ఘనపదార్థాల అంతర్నిర్మాణాన్ని తెలుసుకునే సాధనంగా వాడి చూపిన భారతీయ శాస్త్రవేత్తలలో ఈయన ఒకడు.

బాల్యం, విద్యాభ్యాసం

భగవంతం కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909 అక్టోబరు 14న జన్మించాడు. పాఠశాల విద్య గుడివాడలో సాగింది. తరువాత హైదరాబాదులోని నిజాం కళాశాలలో చేరి భౌతికశాస్త్రంలో పట్టభద్రుడయ్యాడు. ఆ రోజులలో నిజాం కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. ఎం.ఎస్‌సి. పట్టాను కూడా ఈయన మద్రాసు విశ్వవిద్యాలయం నుండే పొందాడు.

1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో రామన్ తన పేరుతో ప్రసిద్ధి చెందిన ఫలితాన్ని కనుగొన్నాడు. అదే సంవత్సరం భగవంతం కలకత్తా వెళ్ళి, ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో రామన్ వద్ద పరిశోధకుడిగా చేరాడు. అప్పటికి ఈయన చాలా చిన్న వయస్సులో ఉన్నాడు.

కలకత్తాలో పరిశోధనలు

రామన్ పేరు వినగానే కాంతి పరిక్షేపణమే గుర్తుకు వస్తుంది. కాని ఆయన మొదట ఎక్కువ కాలం కృషి చేసింది ధ్వని మీద. వయొలిన్ తీగల కంపనాలను, మృదంగం, తబలా వంటి చర్మవాద్యాల అనుస్వరాలను ఆయన శాస్త్రీయంగా పరిశీలించాడు. చర్మవాద్యాల మీద పూసే కరణి వల్ల వాటి స్వరాలు తీగవాద్యాలలో వలె క్రమమైన నిష్పత్తులలో వస్తాయని చూపాడు. రామన్ బాల్యం విశాఖపట్నంలో గడిచింది. ఈ విధంగా కాంతి, ధ్వని అనే రెండు విషయాలలోనూ అనుభవం కలిగిన గురువు భగవంతానికి లభించాడు.

కలకత్తాలో భగవంతం అనేక పదార్థాల రామన్ వర్ణపటాలను అధ్యయనం చేశాడు. వజ్రపు రామన్ వర్ణపటాన్ని పరిశీలించిన తొలితరం వారిలో ఈయన ఒకడు. 1931లో రామన్, భగవంతం కలిసి, పరిక్షేపణం చెందిన కాంతి ధ్రువణాన్ని కొలిచి, కాంతికణానికి స్పిన్ ఉన్నదనడానికి ప్రయోగపూర్వకమైన ఆధారాన్ని ప్రకటించారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం

1932లో భగవంతం వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరాడు. అప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపకులపతిగా ఉన్నాడు. జయపూరు మహారాజా విక్రమదేవ వర్మ విరాళంతో ఏర్పడిన విజ్ఞాన కళాశాల అప్పుడే రూపుదిద్దుకొంటున్నది. సుమారు పదేళ్ళలో భగవంతం ఆచార్యుడిగా, శాఖాధిపతిగా, విశ్వవిద్యాలయ కళాశాలల ప్రిన్సిపాలుగా ఎదిగాడు.

వాల్తేరులో ఈయన రెండు ముఖ్యమైన పనులు చేపట్టాడు. మొదటిది సిద్ధాంతపరమైనది. స్ఫటికంలోని పరమాణువులు ఏ సౌష్ఠవంతో అమరి ఉన్నాయో తెలిస్తే, వాటి కంపనాలలో ఏవి రామన్ వర్ణపటంలో కనిపిస్తాయో ముందుగానే లెక్కించవచ్చు. ఇందుకు గణితంలోని సమూహ సిద్ధాంతం ఉపయోగపడుతుంది. గణితవేత్త టి. వెంకటరాయుడుతో కలిసి భగవంతం 1939లో ప్రకటించిన పద్ధతి స్ఫటిక వర్ణపటాల విశ్లేషణలో విరివిగా వాడుకలోకి వచ్చింది. రెండవది ప్రయోగపరమైనది. అది అతిధ్వనులకు సంబంధించినది.

అతిధ్వనులపై పరిశోధనలు

మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుండి 20,000 హెర్ట్జ్ వరకు పౌనఃపున్యం గల ధ్వనులను వినగలదు. అంతకు మించిన పౌనఃపున్యం గల వాటిని అతిధ్వనులు అంటారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జలాంతర్గాముల జాడ తెలుసుకోవడానికి ఫ్రాన్సుకు చెందిన పాల్ లాంజెవిన్ క్వార్ట్జ్ పలకలతో అతిధ్వనులను పుట్టించాడు. క్వార్ట్జ్ పలకకు తగిన పౌనఃపున్యం గల విద్యుత్తును అందిస్తే అది అదే పౌనఃపున్యంతో కంపిస్తుంది.

1932లో అమెరికాలో డెబై, సియర్స్, ఫ్రాన్సులో లూకాస్, బికార్ ఒక ముఖ్యమైన విషయాన్ని కనుగొన్నారు. ద్రవంలో అతిధ్వని తరంగాలు సాగుతున్నప్పుడు ద్రవం కొన్ని చోట్ల దట్టంగా, కొన్ని చోట్ల పలుచగా క్రమమైన పొరలుగా ఏర్పడుతుంది. ఈ పొరల గుండా వెళ్ళే కాంతి, గీతలు గీసిన వివర్తన జాలకం గుండా వెళ్ళినట్లే వివర్తనం చెందుతుంది. దీనికి సంపూర్ణమైన సిద్ధాంతాన్ని 1935-36లో బెంగుళూరులో రామన్, నాగేంద్రనాథ్ రూపొందించారు.

వివర్తన కోణాన్ని కొలిస్తే ధ్వని తరంగదైర్ఘ్యం తెలుస్తుంది. దానిని పౌనఃపున్యంతో గుణిస్తే ధ్వని వేగం వస్తుంది. ఘనపదార్థంలో ఈ వేగపు వర్గాన్ని సాంద్రతతో గుణిస్తే ఆ పదార్థం ఎంత గట్టిగా సాగుదలను, నొక్కుడును ఎదిరిస్తుందో తెలిపే స్థితిస్థాపక గుణకం లభిస్తుంది. చెవికి వినబడని ధ్వని ఈ విధంగా పదార్థంలోని బంధాల బలాన్ని తెలిపే కొలమానమైనది.

చీల పద్ధతి

అప్పటి వరకు వాడుకలో ఉన్న పద్ధతులకు పెద్ద పరిమాణం గల స్ఫటికాలు కావలసి వచ్చేవి. ప్రకృతిలో దొరికే ఖనిజాలు, ముఖ్యంగా వజ్రం వంటివి, అంత పెద్దవిగా లభించవు. 1944లో భగవంతం, జె. భీమసేనాచార్ కలిసి ఈ ఇబ్బందిని తొలగించే ఒక పద్ధతిని ప్రకటించారు. ఇందులో ఒకే మందం గల క్వార్ట్జ్ పలకకు బదులుగా ఒకవైపు మందంగా, మరొకవైపు పలుచగా చీల ఆకారంలో అరగదీసిన పలకను వాడతారు. దాని వేర్వేరు భాగాలు వేర్వేరు పౌనఃపున్యాల వద్ద కంపిస్తాయి కాబట్టి, ఎడతెగకుండా మారే పౌనఃపున్యాలను పొందవచ్చు. పరీక్షించవలసిన స్ఫటికపు పలుచని పలకను ధ్వని మార్గంలో ఉంచుతారు. పలక మందం అర్ధ తరంగదైర్ఘ్యానికి సమానమైనప్పుడు, లేదా దానికి పూర్ణ గుణిజమైనప్పుడు, ధ్వని దాని గుండా బాగా ప్రసరిస్తుంది. ఆ సమయంలో ద్రవంలో కనిపించే కాంతి వివర్తనం ప్రకాశవంతమవుతుంది. ఆ పౌనఃపున్యాన్ని గుర్తిస్తే ధ్వని వేగాన్ని లెక్కించవచ్చు.

వజ్రంలో ధ్వని వేగం సెకనుకు సుమారు 17,500 మీటర్లు ఉంటుంది. గాలిలో అది 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 343 మీటర్లు, నీటిలో సుమారు 1,480 మీటర్లు మాత్రమే. 1 మిల్లీమీటరు మందం గల వజ్రపు పలకలో మొదటి అనునాదం సుమారు 87.5 లక్షల హెర్ట్జ్ వద్ద వస్తుంది. 1940లలో రేడియో కవాటాలతో నిర్మించిన పరికరాలతో ఇటువంటి పౌనఃపున్యాలను కొలవగలగడం సామాన్యమైన విషయం కాదు. పైగా రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942 ఏప్రిల్‌లో విశాఖపట్నంపై బాంబులు పడిన తరువాత, విశ్వవిద్యాలయాన్ని కొంతకాలం గుంటూరుకు తరలించవలసి వచ్చింది.

వజ్రపు గుణకాలు

ఘన వర్గానికి చెందిన స్ఫటికాలకు మూడు స్వతంత్ర స్థితిస్థాపక గుణకాలు ఉంటాయి. సౌష్ఠవం అతి తక్కువగా ఉన్న త్రినత వర్గానికి 21 గుణకాలు కావాలి. వజ్రం ఘన వర్గానికి చెందినది. 1946లో భగవంతం, భీమసేనాచార్ లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వజ్రపు మూడు గుణకాల విలువలను ప్రకటించారు. నేటి ప్రమాణాలలో చెప్పాలంటే అవి వరుసగా 950, 390, 430 గిగాపాస్కల్స్. 1957లో అమెరికాలో మెక్‌స్కిమిన్, బాండ్ మరింత మెరుగైన పరికరాలతో కొలిచినప్పుడు ఆ విలువలు సుమారు 1076, 125, 576 అని తేలింది.

వీటిలో రెండవ గుణకంలోని తేడా చాలా ఎక్కువ. ఈ గుణకాల నుండి లెక్కించే ఆయత గుణకం, అనగా అన్ని వైపుల నుండి నొక్కినప్పుడు పదార్థం చూపే నిరోధం, భగవంతం విలువల ప్రకారం 577, తరువాతి విలువల ప్రకారం 442 గిగాపాస్కల్స్ అవుతుంది. అనగా తొలి కొలత సుమారు 30 శాతం హెచ్చుగా వచ్చింది. అయినప్పటికీ వజ్రపు మూడు గుణకాలను విడివిడిగా కొలిచి, తరువాతి వారు సరిచూచుకోవడానికి అవసరమైన సంఖ్యలను అందించినది ఈ ప్రయోగమే.

కాంతి స్థితిస్థాపకత

పారదర్శకమైన స్ఫటికాన్ని నొక్కినప్పుడు దాని గుండా వెళ్ళే కాంతి లక్షణాలు మారతాయి. దీనిని కాంతి స్థితిస్థాపక ఫలితం అంటారు. ఏ వర్గపు స్ఫటికానికి ఎన్ని గుణకాలు అవసరమో జర్మన్ శాస్త్రవేత్త పోకెల్స్ పంతొమ్మిదవ శతాబ్దం చివరలో పట్టికగా ఇచ్చాడు. ఐదు దశాబ్దాల పాటు దానిని అందరూ ప్రమాణంగా స్వీకరించారు. 1942లో భగవంతం సమూహ సిద్ధాంతం సహాయంతో పరిశీలించి, ఆ పట్టికలో కొన్ని తరగతుల విషయంలో పొరపాట్లు ఉన్నాయని నిరూపించాడు. ఉదాహరణకు ఘన వర్గంలోని అన్ని తరగతులకూ మూడు గుణకాలు చాలునని పోకెల్స్ చెప్పగా, వాటిలో రెండు తరగతులకు నాలుగు గుణకాలు అవసరమని భగవంతం చూపాడు. తరువాత జరిగిన ప్రయోగాలు దీనిని ధ్రువపరచాయి. అతిధ్వనులతో కాంతిని మళ్ళించే పరికరాల రూపకల్పనకు ఈ గుణకాలే ఆధారం.

ఈయన మార్గదర్శకత్వంలో అతిధ్వనులపై పరిశోధన చేసిన వారిలో బి. రామచంద్రరావు ఒకడు. ఆయన తరువాత అయనావరణంపై పరిశోధనలలో ప్రసిద్ధుడయ్యాడు. కాంతి స్థితిస్థాపకతపై పరిశోధన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కొనసాగింది. అక్కడి ఆచార్యుడు టి.ఎస్. నరసింహమూర్తి ఈ విషయంపై రచించిన గ్రంథం 1981లో వెలువడింది.

ఉస్మానియా విశ్వవిద్యాలయం

1948-49లో భగవంతం లండన్‌లో శాస్త్రీయ అనుసంధాన అధికారిగా పనిచేశాడు. వివిధ దేశాల శాస్త్ర సంస్థలు ఒకదానితో ఒకటి ఎలా సంప్రదించుకుంటాయో దగ్గరగా చూసే అవకాశం అక్కడ లభించింది. 1949లో హైదరాబాదు వచ్చి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడిగా చేరాడు. హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాత విశ్వవిద్యాలయంలో బోధనాభాష ఉర్దూ నుండి ఇంగ్లీషుకు మారుతున్న సమయమది. 1952 నుండి 1957 వరకు ఉపకులపతిగా ఉన్నాడు. ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాలు రెండూ ఈయనను గౌరవ డాక్టరేటుతో సత్కరించాయి.

భారతీయ విజ్ఞాన సంస్థ

1957లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా నియమితుడయ్యాడు. 1962 వరకు ఆ పదవిలో కొనసాగాడు. ఈయన తరువాత సతీష్ ధావన్ ఆ బాధ్యత స్వీకరించాడు.

రక్షణ శాస్త్ర పరిశోధన

1961లో డి.ఎస్. కొఠారీ తరువాత భగవంతం రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా, రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థకు అధిపతిగా బాధ్యతలు చేపట్టాడు. 1969 వరకు ఈ పదవిలో ఉన్నాడు. 1962లో చైనాతో, 1965లో పాకిస్తాన్‌తో యుద్ధాలు జరిగిన కాలమది. 1958లో ఏర్పడిన ఈ సంస్థ ఆ దశాబ్దంలో వేగంగా విస్తరించింది.

ఈ కాలంలోనే హైదరాబాదు నగరం రక్షణ పరిశోధనలకు ప్రధాన కేంద్రమైనది. క్షిపణుల పరిశోధన చేసే డి.ఆర్.డి.ఎల్. 1962లో ఢిల్లీ నుండి ఇక్కడకు తరలివచ్చింది. లోహాల పరిశోధన చేసే డి.ఎం.ఆర్.ఎల్. 1963లో ఏర్పడింది. ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాల డి.ఎల్.ఆర్.ఎల్. కూడా 1960ల తొలినాళ్ళలో మొదలైనదే. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్‌లకు దగ్గరలో, కర్మన్‌ఘాట్ నుండి చాంద్రాయణగుట్ట వైపు వెళ్ళే దారిలో గల కంచన్‌బాగ్ పరిసరాలు ఈ ప్రయోగశాలలకు నిలయం. తరువాత భారత్ డైనమిక్స్ 1970లో, మిశ్రధాతు నిగమ్ 1973లో ఇదే ప్రాంతంలో స్థాపించబడ్డాయి. డి.ఎం.ఆర్.ఎల్. కూడలి పేరుతో నగరవాసులకు ఈ ప్రయోగశాలలు నిత్యం గుర్తుకు వస్తుంటాయి. 2021లో ప్రారంభమైన ఒవైసీ - మిధాని కూడలి వంతెనకు, డి.ఆర్.డి.ఎల్. డైరెక్టరుగా పనిచేసిన ఎ.పి.జె. అబ్దుల్ కలాం పేరు పెట్టారు.

అతిధ్వనుల శాస్త్రానికి ఈ సంస్థలలో ప్రత్యక్ష ప్రయోజనం ఉన్నది. లోహపు దిమ్మెలోకి అతిధ్వనిని పంపితే లోపల పగులు ఉన్నచోట అది ప్రతిధ్వనించి వెనుకకు వస్తుంది. దిమ్మెను కోయకుండానే లోపాన్ని గుర్తించవచ్చు. కొచ్చిలోని నౌకాదళ ప్రయోగశాల సోనార్ పరిశోధనకు కేంద్రం. భూమి పొరలలో సాగే కంపన తరంగాలు కూడా స్థితిస్థాపక తరంగాలే. వాటిని అధ్యయనం చేసే జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ 1961లో హైదరాబాదులో ఏర్పడి, ఉప్పల్ రోడ్డులో పనిచేస్తున్నది.

1963లో భారత ప్రభుత్వం హోమీ భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీని నియమించింది. భగవంతం, విక్రమ్ సారాభాయి, అయ్యగారి సాంబశివరావు ఇందులో సభ్యులు. 1966లో సమర్పించిన ఈ కమిటీ నివేదిక దేశంలో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమకు పునాది వేసింది. ఆ తరువాత 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. సంస్థ ఏర్పడింది.

ధ్వనిశాస్త్రానికి అంతర్జాతీయ గుర్తింపు

భగవంతం పరిశోధనల విలువను అర్థం చేసుకోవడానికి ఆ కాలంలో ధ్వనిశాస్త్రం స్థితిని తెలుసుకోవాలి. 1877-78లో లార్డ్ రేలే ధ్వని సిద్ధాంతంపై రెండు సంపుటాల గ్రంథం వెలువరించిన తరువాత, ఈ శాస్త్రంలో కొత్తగా తెలుసుకోవలసినది పెద్దగా లేదని చాలామంది భౌతికశాస్త్రవేత్తలు భావించారు. ఇరవయ్యవ శతాబ్దంలో అందరి దృష్టీ పరమాణువు వైపు మళ్ళింది. ధ్వని విషయం భవన నిర్మాణం, టెలిఫోను, సంగీతం, వైద్యం, నౌకాయానం వంటి రంగాల మధ్య చెదిరిపోయింది. ఎవరికి వారు పనిచేస్తున్నా, అందరి తరఫున మాట్లాడే సంస్థ అంతర్జాతీయ స్థాయిలో లేకపోయింది.

ఒక శాస్త్రానికి అంతర్జాతీయ గుర్తింపు రావడమంటే కేవలం గౌరవం కాదు. శుద్ధ, అనువర్తిత భౌతికశాస్త్రాల అంతర్జాతీయ సమాఖ్య 1922లో ఏర్పడింది. ఇటువంటి సమాఖ్యలన్నింటినీ కలిపే అంతర్జాతీయ శాస్త్రీయ సమాఖ్యల మండలి 1931లో ఏర్పడింది. ఒక శాస్త్రశాఖకు సమాఖ్యలో ప్రత్యేక సంఘం ఉంటే, దానికి క్రమబద్ధమైన మహాసభలు, ఉమ్మడి పరిభాష, వివిధ దేశాల అకాడమీలతో సంబంధాలు ఏర్పడతాయి. ప్రభుత్వాలు నిధులు కేటాయించేటప్పుడు ఆ శాస్త్రం పేరు విడిగా కనిపిస్తుంది.

ధ్వనిశాస్త్రానికి ఈ స్థానం 1951లో లభించింది. ఆ సంవత్సరం భౌతికశాస్త్రాల సమాఖ్య క్రింద అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సంఘం ఏర్పడింది. 1953లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ నగరంలో మొదటి మహాసభ జరిగింది. అంతకుముందే, 1947లో, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ధ్వనిశాస్త్రానికి 43వ సాంకేతిక సంఘాన్ని కేటాయించింది. సంగీత వాద్యాల శ్రుతికి 440 హెర్ట్జ్‌ను ప్రమాణంగా 1955లో ఆ సంస్థ సిఫారసు చేసింది. 1960-63 మధ్య భౌతికశాస్త్రాల సమాఖ్యకు హోమీ భాభా అధ్యక్షుడిగా ఉన్నాడు. భారతీయ ధ్వనిశాస్త్ర సంఘం 1971లో ఏర్పడింది.

తరువాతి కాలంలో అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సంఘం ఉపసంఘం స్థాయి నుండి ఎదిగి తనకంటూ ప్రత్యేక వ్యవస్థను ఏర్పరచుకున్నది. శాస్త్రీయ సమాఖ్యల మండలిలోనూ స్థానం పొందింది. ఆ మండలి 2018లో సామాజిక శాస్త్రాల మండలితో విలీనమై అంతర్జాతీయ విజ్ఞాన మండలిగా మారింది. 2017లో యునెస్కో నేటి ప్రపంచంలో ధ్వనికి గల ప్రాధాన్యాన్ని గుర్తిస్తూ తీర్మానం ఆమోదించింది. 2020ని అంతర్జాతీయ ధ్వని సంవత్సరంగా జరిపారు. కోవిడ్ కారణంగా కార్యక్రమాలు 2021లోకి పొడిగించబడ్డాయి.

శాస్త్రానికి గుర్తింపు అంతర్జాతీయ సభలలోని తీర్మానాలతో మాత్రమే రాదు. చూపడానికి నమ్మదగిన ఫలితాలు, వాటిని కొనసాగించే ప్రయోగశాలలు ఉండాలి. ఈ రెండింటి విషయంలోనూ భగవంతం కృషి చేశాడు. తరువాత శాస్త్రీయ సమాఖ్యల మండలి 1966లో ఏర్పాటు చేసిన, అభివృద్ధి చెందుతున్న దేశాలలో శాస్త్ర సాంకేతిక రంగాల సంఘానికి అధ్యక్షుడిగా పనిచేశాడు. కోస్టెడ్ అనే పేరుతో ప్రసిద్ధమైన ఈ సంఘం ద్వారా, పరికరాలు, నిధులు తక్కువగా గల దేశాల శాస్త్రవేత్తల అవసరాలు అంతర్జాతీయ వేదికపై చర్చకు వచ్చాయి.

నిత్యజీవితంలో అతిధ్వనులు

భగవంతం ప్రయోగాలు చేసిన కాలంలో అతిధ్వనులు పరిశోధకులకు మాత్రమే తెలిసిన విషయం. నేడు దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ వంటి ప్రాంతాలలోని ఏ వైద్య పరీక్షా కేంద్రంలోనైనా అల్ట్రాసౌండ్ స్కానింగు యంత్రం కనిపిస్తుంది. శరీరంలోని మెత్తని కణజాలంలో ధ్వని వేగం సెకనుకు 1,540 మీటర్లు అని తీసుకొని ఆ యంత్రం ప్రతిధ్వనుల నుండి బొమ్మను నిర్మిస్తుంది. విద్యుత్తును కంపనంగాను, కంపనాన్ని విద్యుత్తుగాను మార్చే సూత్రం నాటి క్వార్ట్జ్ పలకలోనిదే. ధ్వని కాలుష్యంపై 2000లో భారత ప్రభుత్వం చేసిన నియమాలు నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్, వాణిజ్య ప్రాంతాలలో పగలు 65, రాత్రి 55 డెసిబెల్స్ పరిమితులుగా నిర్ణయించాయి. ఇటువంటి పరిమితులను అమలు చేయాలన్నా, అన్ని దేశాలూ అంగీకరించిన కొలత పద్ధతులు ఉండాలి.

గ్రంథాలు

- కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితం గురించిన గ్రంథం (1940)
- సమూహ సిద్ధాంతం, భౌతిక సమస్యలకు దాని అనువర్తనం - టి. వెంకటరాయుడుతో కలిసి (1948)
- స్ఫటిక సౌష్ఠవం, భౌతిక ధర్మాల గురించిన గ్రంథం (1966)

ఇవన్నీ ఇంగ్లీషులో వెలువడ్డాయి.

చివరి దశ

పదవీ విరమణ తరువాత భగవంతం శాస్త్ర సంస్థలతో సంబంధాలను కొనసాగించాడు. పుట్టపర్తి సత్యసాయిబాబా పట్ల భక్తి కలిగి, ఆయన తెలుగు ఉపన్యాసాలను సభలలో ఇంగ్లీషులోకి అనువదించేవాడు. 1989 ఫిబ్రవరి 6న, 79 సంవత్సరాల వయస్సులో మరణించాడు.

అంచనా

భగవంతం స్వయంగా ప్రయోగశాలలో పనిచేసిన కాలం సుమారు ఇరవై సంవత్సరాలు. తరువాతి కాలం ఎక్కువగా పరిపాలనలో గడిచింది. వజ్రపు గుణకాలను సరిదిద్దే పని ఇతర దేశాల వారి చేతికి వెళ్ళిన నాటికి, ఈయన భారతీయ విజ్ఞాన సంస్థ బాధ్యతలలో ఉన్నాడు. అయితే ఈయన ప్రోత్సహించిన విశ్వవిద్యాలయ శాఖలు, ఈయన అధిపతిగా ఉన్న కాలంలో పెరిగిన ప్రయోగశాలలు తరువాతి తరాలకు పని కల్పించాయి. పోకెల్స్ పట్టికకు ఈయన చేసిన సవరణ, వెంకటరాయుడుతో కలిసి రూపొందించిన విశ్లేషణ పద్ధతి స్ఫటిక భౌతికశాస్త్ర పాఠ్యగ్రంథాలలో స్థిరపడ్డాయి.